చెరువులో విబ్రియో పడితే: యాంటీబయోటిక్కా, ప్రోబయోటిక్కా, రొయ్యల పట్టుబడా?

మొగల్తూరు వైపు వనామీ రొయ్య వేసే మా బాబాయి మొన్న రాత్రి ఫోన్ చేశాడు. గట్టు దగ్గర నీళ్లలో చెయ్యి కదిపితే నీలంగా మెరుస్తోందట. మర్నాడు ల్యాబ్‌లో నీళ్లిస్తే ప్లేటు నిండా గ్రీన్ కాలనీలు. రొయ్యల్ని జబ్బు పడేసే విబ్రియో బ్యాక్టీరియాయే. రొయ్యలు ఎంత తింటున్నాయో చూసుకునే చెక్ ట్రేలో మేత సగం మిగిలింది. మందుల షాపతనేమో లేబుల్ లేని యాంటీబయోటిక్ పౌడర్ ప్యాకెట్ చేతిలో పెట్టి, “మేతలో కలిపెయ్యండి, తేరుకుంటాయి” అన్నాడు.

వద్దు బాబాయ్ అన్నాను. జబ్బు చేసిన రొయ్య ముందు మానేసేది మేతే. మందు మేత తినేవి బాగున్న రొయ్యలు! మిగిలింది అడుగు బురదలోకి పోతుంది. ఆ కాస్త మందుకు చావని విబ్రియోలే మిగిలి పెరుగుతాయి. మందును తట్టుకునే ఆ గుణం పక్కనున్న వేరే బ్యాక్టీరియాకూ అంటుకుంటుంది. ఆ నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలితే, కింది చెరువు వాళ్లు ఇంజన్ పెట్టి తోడుకునేది అవే. అక్కడే ఏట్లో చేతికి గాయంతో వలేసే మనిషీ ఉంటాడు. రేపు ఆ గాయం చీము పడితే డాక్టరు రాసిన మందు పనిచేయకపోవచ్చు. నాకు అన్నిటికంటే భయం ఇదే.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయోటిక్‌లు ఎలాగూ నిషేధం. రొయ్య వండితే బ్యాక్టీరియా చస్తుంది కానీ, ఈ మందుల అవశేషాలు పోవు. మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను యూరోపియన్ యూనియన్ 2016లో 10 నుంచి 50 శాతానికి పెంచింది అందుకే. రొయ్యకు వచ్చే వైట్ స్పాట్ జబ్బయితే అసలు వైరస్, దానికి యాంటీబయోటిక్ పోయడం డబ్బులు నీళ్లలో పోసినట్టే.

ప్రోబయోటిక్ నిదానం. బెల్లం, తవుడు డ్రమ్ములో పులియబెట్టి, బాసిల్లస్ పొడి కలిపి ఎండెక్కాక చల్లాలి. మంచి బ్యాక్టీరియా పెరిగి విబ్రియోకి తిండి, చోటు లేకుండా చేస్తుంది. కాకపోతే అది ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. రాత్రి కరెంటు పోయి, నీళ్లకు గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. డీజిల్ జనరేటర్ సిద్ధంగా లేనివాళ్లు దీని జోలికి పోవద్దు. మేత తగ్గించడం, అడుగు మురికి తోడేయడం కూడా దీంతో పాటే జరగాలి.

చావులు రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం పట్టుబడే, అంటే ఉన్న రొయ్యను వల వేసి పట్టి అమ్మేయడమే మేలు. రొయ్య తక్కువ రేటుకు పోయినా పెట్టుబడిలో కొంతైనా చేతికొస్తుంది. పట్టాక నీళ్లు వెంటనే వదలకుండా బ్లీచింగ్ వేసి, దాని ఘాటు పోయేదాకా ఆపాలి.

నా ఓటు ముందు ప్రోబయోటిక్‌కి, కుదరకపోతే పట్టుబడికి. బాబాయి ప్యాకెట్ తిరిగిచ్చేసి, మేత సగానికి తగ్గించాడు. రొయ్య ఇప్పుడు 70 కౌంట్‌లో, అంటే కిలోకు 70 తూగేలా ఉంది. ఆదివారానికీ ట్రేలో మేత మిగులుతుంటే వల వేయిస్తానన్నాడు.