మాగ్మారిస్ స్టెంటు: లోహం కన్నా పూత గురించి

జర్మనీకి చెందిన బయోట్రానిక్ సంస్థ తయారుచేసిన మాగ్మారిస్ స్టెంటు 2016లో ఐరోపాలో సీఈ ముద్ర, అంటే అక్కడ అమ్ముకునేందుకు అర్హత తెలిపే గుర్తు, పొందింది. సన్నబడిన గుండె ధమనిని తెరిచి ఉంచే జాలీ గొట్టమే స్టెంటు; ధమనిలో అమర్చిన ఏడాదికల్లా చాలావరకు కరిగిపోయే మెగ్నీషియం స్టెంటు ఇది. మెగ్నీషియం మీద పూతలు వేసే ప్రయోగశాలలో కొన్నేళ్లు పనిచేసినవాణ్ణి కనుక, నేను దీనిని ముందుగా పైపొరను బట్టే అంచనా వేస్తాను.

శరీర ద్రవాన్ని పోలిన ఉప్పు ద్రావణంలో పూత లేని మెగ్నీషియం బిళ్లను వేస్తే కొద్దిసేపటికే సన్నని బుడగలు లేస్తాయి. ఆ బుడగలు హైడ్రోజన్‌వి. ఒక గ్రాము లోహం పూర్తిగా కరిగితే దాదాపు లీటరు వాయువు వెలువడుతుంది. లోహం మీద ఏర్పడే హైడ్రాక్సైడు పొర దానిని కొంత కాపాడగలిగినా, రక్తంలోని క్లోరైడు ఆ పొరను నిలవనివ్వదు. మేము పూత వేసిన బిళ్లల్లో బుడగల వరుస చాలాసార్లు అంచు దగ్గరో, పట్టకారు గీసిన గీత దగ్గరో మొదలయ్యేది. మిగిలిన పూత చెక్కుచెదరకపోయినా ఆ గీత కింద లోహం గుంటపడి లోతుగా తినేసుకుపోయేది. అందుకే పూత ఎన్నాళ్లు నిలిచిందన్న దానికన్నా, చెడిపోయేటప్పుడు అంతటా సమంగా చెడిందా, ఒక్కచోటే చెడిందా అన్నదే నాకు ముఖ్యం.

ఈ సంస్థ తొలి మెగ్నీషియం స్టెంటుకు పూతా లేదు, మందూ లేదు. 2007లో ప్రచురితమైన ప్రోగ్రెస్ అధ్యయనంలో దానిని 63 మందికి అమర్చగా, ఏడాదిలో 45 శాతం మేర అదే చోట మళ్లీ చికిత్స అవసరమైంది. మాగ్మారిస్‌కు, ధమని మళ్లీ పూడుకుపోకుండా చూసే సిరోలిమస్ మందు కలిపిన పాలీలాక్టిక్ ఆమ్లపు (శరీరంలో కరిగే ఒక పాలిమర్) పూత వేశారు. నా దృష్టిలో ఇది సరైన ఎంపిక, ఎందుకంటే స్టెంటును మొదట బెలూను మీద నొక్కి బిగించి, తరువాత ధమనిలో ఉబ్బించి విప్పుతారు. ఆ విప్పడంలో ప్రతి మలుపు దగ్గరా పూత ఒకవైపు సాగుతుంది, మరోవైపు ముడుచుకుంటుంది. ప్లాస్మా విద్యుద్విశ్లేషణతో పెంచే గట్టి ఆక్సైడు పూత ఎముకలకు బిగించే మరలకు బాగా నప్పుతుంది గాని, ఇక్కడ గుడ్డు పెంకులా పగులుతుంది. పాలిమర్‌లోంచి నీరు మెల్లగా దిగుతుంది కనుక అది లోహం తినేసుకుపోవడాన్ని ఆపదు, ఆలస్యం చేస్తుంది. కరగవలసిన వస్తువుకు అంతకుమించి అక్కరలేదు కూడా.

నా ఫిర్యాదు స్టెంటు మందం మీద. దీని జాలీలోని లోహపు పోగుల మందం 150 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు); నేటి శాశ్వత స్టెంట్లలో చాలావాటికి అందులో సగమే ఉంటుంది. గుండెపోటు వచ్చిన 150 మందిపై జరిపి 2019లో ప్రచురించిన మ్యాగ్‌స్టెమీ పరీక్షలో, మాగ్మారిస్ అమర్చిన ధమని సహజంగా సంకోచ వ్యాకోచాలు చెందే శక్తిని మెరుగ్గా చూపినా, మళ్లీ చికిత్స చేయవలసిన అవసరం మాత్రం శాశ్వత స్టెంటుకన్నా ఎక్కువగా వచ్చింది.

పూతకు ఐదింటికి నాలుగు మార్కులు, స్టెంటు మొత్తానికి మూడు వేస్తాను. దీని తరువాత తెచ్చిన ఫ్రీసాల్వ్ 2024లో సీఈ ముద్ర పొందింది. అందులో సంస్థ మిశ్రలోహాన్ని మార్చింది, పోగులను సన్నబరిచింది, పాలీలాక్టిక్ పూతను మాత్రం అలాగే ఉంచుకుంది.