పాత సినిమాలు, కొత్త టీవీ: రెండేళ్ల తర్వాత

ఆదివారం అన్నాలయ్యాక ఒక పాత తెలుగు సినిమా. అనంతపురంలో మా ఇంట్లో రెండేళ్లుగా ఇదే అలవాటు. ఆ సినిమాల గొప్పతనం నేను చెప్పాల్సిన పని లేదు. నా గొడవంతా తెర ఆకారంతోనే.

43 అంగుళాల టీవీ కొన్న వారమే ‘మాయాబజార్’ పెట్టాను. మా అవ్వది తాడిపత్రి. దర్శకుడు కె.వి.రెడ్డిదీ తాడిపత్రే. ‘మా ఊరాయన సినిమా’ అంటూ కుర్చీ ముందుకు జరుపుకుంది. పెద్దయిన శశిరేఖ కనబడగానే ముఖం చిట్లించింది. “ఒరేయ్ అబ్బీ, ఈమె సావిత్రి కాదురా. ఇంత లావెక్కడిది?”

కంటి ఆపరేషన్ అయిన మనిషి, చూపు ఆనలేదేమో అనుకున్నా. మూడు ఆదివారాలు అట్లే గడిచిపోయాయి. నాలుగోసారి హీరోలు కూడా పొట్టిగా, బొద్దుగా కనబడేసరికి నాకు అనుమానం వచ్చింది. ఆ కాలం సినిమా బొమ్మ ఎత్తు మూడైతే వెడల్పు నాలుగు, కొంచెం అటూ ఇటూ. ఇప్పటి టీవీ తొమ్మిదికి పదహారు. తెర నిండాలని మా టీవీ బొమ్మను పక్కలకు సాగదీస్తోంది. అంటే ప్రతి మనిషీ దాదాపు మూడో వంతు లావు. ఆపరేషన్ నా కళ్లకు చేయించాల్సింది.

రిమోట్‌లో పిక్చర్ సైజు ‘ఒరిజినల్’‌కు మార్చాక సావిత్రి సన్నబడింది. అటూ ఇటూ నల్ల పట్టీలు వచ్చాయి. “ఇంత డబ్బు పోసి కొన్నది సగం టీవీ చూడ్డానికా?” అని మా ఆవిడ.

సరే, పట్టీలు లేని కాపీ ఒకటి నెట్‌లో వెతికి పట్టా. సాగదీత లేదు, తెర నిండా బొమ్మ. సంబరపడ్డా. ‘వివాహ భోజనంబు’ వచ్చింది. ఎస్వీ రంగారావు కిరీటం లేదు! ఎవరో మహానుభావుడు పైనా కిందా కత్తిరించి వెడల్పు చేశాడు. లెక్కేస్తే బొమ్మలో పావు వంతు పోయినట్టే. ‘అహ నా పెళ్ళియంట’లో ఇంకా ఘోరం. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నిలువెల్లా నటిస్తుంటే అవ్వ మళ్లీ అందుకుంది: “కాళ్లేవిరా?”

టీవీ కొన్న షాపుకు ఫోన్ చేశా. “ఫుల్ స్క్రీన్ వస్తోంది కదా సార్, ఇంకేం ప్రాబ్లం?” నిజమే, కాపీ పాపం వాళ్లది కాదు.

2010లో రంగుల ‘మాయాబజార్’‌ను హాల్లో చూసొచ్చి ఊరంతా పొగిడాను. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, ‘లాహిరి లాహిరి’లో కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెన్నెల నలుపు తెలుపులోనే వెన్నెలలా ఉంది. అయితే మా తొమ్మిదేళ్ల పాప రంగుల్లో అయితేనే కదలకుండా కూర్చుంటుంది. అందుకే అదీ ఉంచాను. ఆ పిల్లే మొన్న ‘గుండమ్మ కథ’ చూస్తూ, “తామెవరో చెప్పకుండా పెళ్లి చేసుకోవడం చీటింగ్ కదా నాన్నా?” అంది. నేను చిన్నప్పటి నుంచీ పడీ పడీ నవ్విన సినిమా అది. ఈసారి నవ్వు కొంచెం తగ్గింది.

పాత సినిమాల కోసమే పెద్ద టీవీ కొనాలా అంటే, గట్టిగా చెప్పలేను. మా హాలు చిన్నది, నల్ల పట్టీలు పోగా మిగిలిన బొమ్మే మాకు చాలు. పైగా అవ్వ ఉంది కాబట్టి లోపం పట్టుబడింది. ఇప్పుడు ఆదివారాలు రిమోట్ ఆమె ఒళ్లోనే ఉంటుంది. చుట్టాలొచ్చి, “పట్టీలు తీసేయొచ్చు కదవ్వా” అంటే ఇవ్వదు.