సీఓఎస్ ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లతో జాగ్రత్త

చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. యూకేలో గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక కొంతకాలం ఉండనిచ్చేది) మీద ఉండి స్పాన్సర్‌షిప్ కోసం, అంటే స్కిల్డ్ వర్కర్ అనే ఉద్యోగ వీసాకి కావాల్సిన సీఓఎస్ (సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్) ఇచ్చే కంపెనీ కోసం తిరుగుతున్న మనవాళ్లందరికీ చెబుతున్నాను. నేను పోగొట్టుకున్నది 3 వేల పౌండ్లు, దాని మీద ఇండియాలో నాన్న కట్టిన 3 లక్షల రూపాయలు. నా వీసా ఇంకా 19 రోజులే ఉంది.

ఆ డబ్బు తీసుకున్న ఏజెంట్ ఎవరో మీలో సగం మందికి తెలిసే ఉంటుంది. మన వాట్సాప్ గ్రూపులన్నింటిలో "స్కిల్డ్ వర్కర్ సీఓఎస్ రెడీ, ఐటీ రోల్స్" అని పెడుతుంటాడే, ఆయనే. నా ఫ్రెండ్ రూమ్మేట్‌కి పని అయిందని విన్నాను. అయిందో లేదో ఆ రూమ్మేట్‌నే ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. అప్పటికి 200 పైగా అప్లికేషన్లు పెట్టి, "స్పాన్సర్‌షిప్ ఇవ్వలేం" అనే మెయిల్స్ చూసి చూసి విసిగిపోయి ఉన్నాను.

మొదట ప్రాసెసింగ్‌కి అని 3 వేల పౌండ్లు. తర్వాత రెండు నెలలు ఒకటే మాట: "హోం ఆఫీస్ నుంచి డిఫైన్డ్ సీఓఎస్ రావాలి తమ్ముడూ, ఈసారి లేటవుతోంది." హోం ఆఫీస్ అంటే వీసాలు చూసే ఇక్కడి ప్రభుత్వ శాఖ కదా, నేను నమ్మాను. డిఫైన్డ్ సీఓఎస్ అనేది యూకే బయటి నుంచి అప్లై చేసేవాళ్లకని నాకు మొన్న తెలిసింది. ఇక్కడే ఉండి వీసా మారేవాళ్లకి కావాల్సింది అన్‌డిఫైన్డ్ సీఓఎస్. ఆ ఒక్క ముక్క తెలిసుంటే నాన్న డబ్బైనా మిగిలేది. ఎందుకంటే ఆ లేటును చూపించే రెండో విడత అడిగాడు, ఇండియాలో వాళ్ల బంధువు అకౌంట్‌లో వేయమన్నాడు. నాన్న ఎందుకని కూడా అడగకుండా వేశారు.

గత వారం సీఓఎస్ అని, ఒక కంపెనీ పేరుతో పీడీఎఫ్ వచ్చింది. ఎంత సంతోషించానో చెప్పలేను, ఇంటికి ఫోన్ చేసి చెప్పాను కూడా. రాత్రి పడుకోబోతూ మళ్లీ తెరిచి చూస్తే ఇంటిపేరు ఉండాల్సిన చోట నా పేరు, పేరు ఉండాల్సిన చోట ఇంటిపేరు ఉన్నాయి. జాబ్ టైటిల్ దగ్గర మాత్రం అక్షరాలు మిగతావాటికంటే కాస్త లావుగా ఉన్నాయి, ఎవరో చెరిపి మళ్లీ టైప్ చేసినట్టు. చేరాల్సిన తేదీ ఏ వారమో చూశాను. ఆదివారం.

పొద్దున్నే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేశాను. హెచ్ఆర్ ఆవిడ నా పేరు స్పెల్లింగ్ అడిగి హోల్డ్‌లో పెట్టింది. నాలుగైదు నిమిషాలు అలాగే చెవికి ఫోన్ పెట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాను. తిరిగి వచ్చి, ఆ రోల్‌కి మేం ఎవరినీ తీసుకోలేదు, ఈ నెలలో ఇలా ఫోన్ చేసినవాళ్లలో మీరు నాలుగోవారు అని చెప్పింది. ఆవిడ తప్పేమీ లేకపోయినా సారీ చెప్పింది.

అప్పుడు ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పోలీసులకు చెబుతానని మెసేజ్ పెట్టాక పద్నాలుగు సెకన్ల వాయిస్ మెసేజ్ వచ్చింది. "కంపెనీకి ఫోన్ చేయమని నిన్నెవడు అడిగాడు? నీవల్ల నా పని మొత్తం చెడింది. పోలీసుల దగ్గరికి వెళ్తావా, వెళ్లు. డబ్బిచ్చి సీఓఎస్ కొన్నది నువ్వు. ముందు పోయేది నీ వీసానే." ముందు రోజు రాత్రి కూడా "తిన్నావా తమ్ముడూ" అని అడిగిన గొంతు అది. మూడు నెలలు తమ్ముడూ తమ్ముడూ అని, పోలీసుల పేరెత్తాక ఆ మాటే లేదు. డబ్బు పోయినదానికంటే ఆ పద్నాలుగు సెకన్లే నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

తప్పు నాది కూడా ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్‌.యూకేలో లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితా చూశాను, కంపెనీ పేరు ఉంది, దాంతో ఇంకేం చూడలేదు. ఆ జాబితా కంపెనీకి లైసెన్స్ ఉందని మాత్రమే చెబుతుంది, మన చేతిలో ఉన్న ఆఫర్ నిజమని చెప్పదు. ఈ మోసగాళ్లు ఆ జాబితాలోంచే పేరు తీసుకుంటారు. ఆఫర్ లెటర్‌లో జీతం 31 వేల పౌండ్లు. 2025 జులై 22 నుంచి, మనలా గ్రాడ్యుయేట్ వీసా నుంచి ఐటీ ఉద్యోగాలకి మారేవాళ్లకి తక్కువలో తక్కువ 33,400 ఉండాలి, ఉద్యోగం రకానికి ఉండే కోడ్‌ని బట్టి ఇంకా ఎక్కువ కూడా కావాల్సి రావచ్చు. ఇది కూడా చూసుకోలేదు. అసలు సీఓఎస్ అంటే కాగితం కాదు, కంపెనీ తన స్పాన్సర్ అకౌంట్ నుంచి హోం ఆఫీస్ సిస్టమ్‌లో మన పేరు మీద కేటాయించే రికార్డు. మధ్యలో ఎవరూ అమ్మడానికి వీల్లేదు. ఆ పీడీఎఫ్‌లోని సీఓఎస్ నంబర్‌తో అప్లై చేసి ఉంటే రిజెక్ట్ అయ్యేది, తెలిసే మోసం చేశానని హోం ఆఫీస్ తేల్చితే పదేళ్ల దాకా బ్యాన్ పడేది. ఆ ఆదివారం తేదీ కంటపడకపోతే ఈపాటికి సబ్‌మిట్ చేసేసి ఉండేవాణ్ని.

బ్యాంకులో కంప్లైంట్ పెట్టాను. 2024 అక్టోబర్ 7 నుంచి ఇలా మోసపోయి ట్రాన్స్‌ఫర్ చేసిన డబ్బును బ్యాంకులు తిరిగివ్వాలనే రూల్ ఉంది, 85 వేల పౌండ్ల వరకు. 13 నెలల్లోపు చెప్పాలి. కానీ యూకే అకౌంట్ నుంచి యూకే అకౌంట్‌కి వెళ్లినవాటికే అది. నా 3 వేలకి ఏదో ఆశ ఉంది. నాన్న 3 లక్షలకి ఆ దారి లేదు.

మీకు చెప్పేది ఇంతే. ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర ఏజెన్సీలు డబ్బు తీసుకోవడం ఇక్కడి చట్టం ప్రకారం కుదరదు. అడిగితే అక్కడే ఆపేయండి. వీసా సలహాకి ఫీజు తీసుకునేవాళ్లు ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో రిజిస్టర్ అయినవాళ్లో, సొలిసిటర్, బారిస్టర్ లాంటి లాయర్లో అయి ఉండాలి. పేరు వెతికి చూడండి. ఆఫర్ రాగానే కంపెనీ వెబ్‌సైట్‌లోని నంబర్‌కి మీరే ఫోన్ చేయండి, ఏజెంట్ ఇచ్చిన నంబర్‌కి కాదు.

హెచ్ఆర్ ఆవిడ చెప్పిన మిగతా ముగ్గురిలో ఎవరైనా ఇది చూస్తుంటే నాకు మెసేజ్ చేయండి. చాట్లు, ట్రాన్స్‌ఫర్ రసీదులు, వాయిస్ మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయొద్దు. అందరివీ కలిపి పోలీసులకు ఇద్దాం.