పెట్రా, వాడీ రమ్: ఒంటె వర్తకుల దారిలో

జోర్డాన్ దేశంలోని రాతి నగరం పెట్రాకు ఒక్క రోజు చాలంటారు టూర్ల వాళ్లు. కొండలో తొలిచిన ఖజ్నే అనే కట్టడం ముందు ఫోటో దిగి రావడానికైతే చాలు. ఆ కొండను తొలిచిన నబాటియన్లు ఎలాంటి మనుషులో తెలియాలంటే రెండు రోజులైనా ఉండాలి.

మొదట్లో వీళ్లు ఊరూ ఇల్లూ లేని సంచారులు. దక్షిణ అరేబియా నుంచి సాంబ్రాణి, బోళం ఒంటెల మీద తెచ్చి గాజా రేవుకు చేర్చేవాళ్లు. ఇల్లు కట్టినా, గింజ నాటినా, ద్రాక్షసారా తాగినా వాళ్లలో మరణశిక్షేనని గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. ఇల్లూ పొలమూ ఉన్నవాణ్ని బలవంతుడు తేలిగ్గా లొంగదీస్తాడని వాళ్ల లెక్క. వాన నీటిని నేలలో తొలిచిన తొట్లలో నింపి, మూతి పూడ్చి, తమకే తెలిసిన గుర్తులు పెట్టుకునేవాళ్లు. వెంటబడిన సైన్యానికి నీళ్లు దొరికేవి కావు.

అలాంటి వాళ్ల వారసులే పెట్రాకు దగ్గర్లోని లిటిల్ పెట్రాలో విందు గది తొలిచి, కప్పు నిండా ద్రాక్షతీగలు గీయించారు! వర్తకం మనిషిని ఎంత మార్చేస్తుందో అక్కడ చూడాలి. ప్రవేశం ఉచితం, రద్దీ తక్కువ. నాకు ఖజ్నే కన్నా ఇదే నచ్చింది.

అసలు పెట్రాకు గేటు తెరవగానే వెళ్లండి. సిక్ అనే ఇరుకు దారి 1.2 కిలోమీటర్లు. అందరూ తల పైకెత్తి నడుస్తారు గానీ, గోడల వెంట పోయే నీటి కాలువలు చూడండి. ఒకచోట ఒంటెల్ని నడిపిస్తున్న మనుషుల శిల్పం ఉంది. పైభాగం అరిగిపోయింది, కాళ్లు మిగిలాయి. గుర్రం సవారీ టికెట్లోనే ఉందంటారు, దిగాక టిప్పు దగ్గర పేచీ తప్పదు. నడకే మేలు. పర్యాటక స్థలాల ఉమ్మడి టికెట్ జోర్డాన్ పాస్ 70 దినార్ల నుంచి ఉంది. దేశంలో కనీసం మూడు రాత్రులుంటే 40 దినార్ల వీసా రుసుము మాఫీ. బస పెట్రా పక్క ఊరు వాడీ మూసాలో, గేటుకు నడిచేంత దూరంలో చూసుకోండి.

వాడీ రమ్‌లో బుడగలా గుండ్రంగా ఉండే గుడారాలకు డబ్బు పోయకండి. ఏసీ గదిలో పడుకోవడానికి ఎడారి దాకా ఎందుకు? మేకవెంట్రుకల గుడారం చవక, దుప్పట్లు మందం. మా క్యాంపులో బాత్రూంలో నీటిధార సన్నం, జనరేటర్ మోత పెద్దది. ఇసుకలో పూడ్చి వండే జర్బ్ మాంసం వంటకం. శాకాహారులు ముందే చెప్పాలి, లేకపోతే అన్నం, శనగల ముద్ద హమ్మస్‌తో సరిపెట్టుకోవాల్సిందే.

రమ్ గ్రామం పక్కన నబాటియన్ల దేవత అల్లాత్ గుడి శిథిలాలున్నాయి, దగ్గర్లోనే ఊట. జీపు డ్రైవర్లు చాలామంది అటు తిప్పరు. బేరం ఆడేటప్పుడే అది కూడా చెప్పి ఒప్పించుకోండి.