వైజాగ్ ఉక్కలో బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్: కోడ్ 36తో కాపురం

గాజువాక వైపు ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలో మెయింటెనెన్స్ చూస్తాను. తినే సరుకు దగ్గర డీజిల్ పొగ పనికిరాదు కాబట్టి మావన్నీ 48 వోల్టుల బ్యాటరీ బండ్లే. మోటారుకి ఎంత కరెంటు పంపాలో చూసే కంట్రోలర్ కర్టిస్ కంపెనీది. లోడు ఎత్తడంలో, ఇరుకు సందుల్లో తిరగడంలో వంక పెట్టడానికి లేదు. ఇన్నేళ్లుగా నాకు పని పెడుతున్నవి ఫాల్ట్ కోడ్లే, అంటే తేడా వస్తే కంట్రోలర్ చూపే నంబర్లు.

కోడ్ చూడటం తేలిక. కంట్రోలర్ మీద ఎర్ర లైటు ఒకసారి వెలిగాక వచ్చే పసుపు మెరుపులు మొదటి అంకె, రెండుసార్లు వెలిగాక వచ్చేవి రెండో అంకె. అయితే కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్లో తేడా ఉందో అంతవరకే. ఏ పార్టు పోయిందో మనమే వెతుక్కోవాలి.

మా దగ్గర ఎక్కువగా వచ్చేది 36, అంటే ఎన్‌కోడర్ ఫాల్ట్. మోటారు ఎంత వేగంతో తిరుగుతోందో చెప్పే సెన్సర్ అది. "ఏటి సార్, మళ్లీ ముప్పై ఆరే!" అని ఆపరేటర్ అరిచాడంటే బండి అప్పుడే మైనస్ 18 డిగ్రీల గదిలోంచి బయటికొచ్చిందన్నమాట. బయట సముద్రపు ఉక్క. చల్లబడిన కనెక్టర్ మీద నిమిషాల్లో నీరు పడుతుంది, ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడతాయి. సర్వీసుకొచ్చినాయన సెన్సర్ మార్చాలన్నాడు. మా బండిలో అది బేరింగ్‌తో కలిసి ఉంటుంది, మోటారు విప్పాల్సిందే. ముందు సెన్సర్‌కి సప్లై వస్తోందా అని మీటర్ పెట్టాం. కనెక్టర్ కదిలిస్తే రీడింగ్ ఊగింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, తేమ చేరకుండా డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి, వైరు వేలాడకుండా కట్టాం. ఇప్పుడు వానాకాలానికి ముందు అన్ని బండ్లకీ ఇదే సేవ.

23 అంటే వోల్టేజీ పడిపోయి కంట్రోలర్ పవర్ తగ్గించేసింది. ఖాళీ బండి మీద కొలిస్తే అంతా బాగానే కనిపిస్తుంది, లోడు ఎత్తుతుండగా చూడాలి. లెడ్ యాసిడ్ అయితే 24 సెల్స్‌లో ఒక్కటి నీరసపడినా చాలు. ఫుల్ చార్జ్ తర్వాత యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.280 దగ్గర చూపాలి, వెనకబడిన సెల్ అక్కడే దొరికిపోతుంది. కొన్నిసార్లు సెల్ కూడా బాగానే ఉంటుంది, కేబుల్ చివర బిగించే లగ్ వదులై ఉంటుంది.

47 చూసి టెన్షన్ పడొద్దు. పెడల్ తొక్కి ఉంచి సీటులో కూర్చోవడం లాంటి, వరుస తప్పి చేసే పనులకు వస్తుంది. పెడల్ వదిలి, న్యూట్రల్‌కి తెచ్చి మళ్లీ మొదలుపెడితే పోతుంది. అలా చేసినా పోకపోతే సీటు స్విచ్ చూడండి.

కవర్ తెరిచే ముందు బ్యాటరీ ప్లగ్ తీయండి, ఉంగరాలు, వాచీ కూడా. ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది.

కొనేవాళ్లకు ఒక మాట. పాత కోడ్ల చరిత్ర చూపించే హ్యాండ్‌సెట్‌ని బండితో పాటే బేరమాడి తీసుకోండి. విడిగా కొంటే ధర గట్టిగానే తగులుతుంది. కోల్డ్ రూమ్‌కైతే చలికి తట్టుకునేలా కట్టిన కోల్డ్ స్టోరేజీ ప్యాకేజీ ఉన్న బండే అడగండి.