ధ్యాన కేంద్రంలో మూడు రోజులు: ఒక ‘కాబట్టి’, ఒక త్రాసు

ఈ ఏడాది శ్రమల దినాలలో (ఈస్టరుకు ముందు క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలతో గడిపే రోజులలో) మా పట్టణానికి దగ్గరలోని ఒక ధ్యాన కేంద్రంలో ‘పరిశుద్ధ జీవితం’ అనే అంశంపై జరిగిన మూడు రోజుల కూడికకు వెళ్లాను. బసకూ భోజనానికీ కలిపి మనిషికి 900 రూపాయలు తీసుకున్నారు. గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనం వేళకు అందింది, మైకు మాత్రం చెవులు హోరెత్తించింది.

మొదటి రోజు బోధకుడు బైబిల్లోని రోమా పత్రిక (అపొస్తలుడైన పౌలు రోములోని క్రైస్తవులకు రాసిన లేఖ) 12వ అధ్యాయం తెరిచి, తొలి మాటైన ‘కాబట్టి’ దగ్గరే దాదాపు గంటసేపు నిలిచారు. పదకొండు అధ్యాయాల పొడవునా దేవుని కనికరాన్ని వివరించిన తరువాతనే పౌలు సజీవయాగం (మనల్ని మనం దేవునికి సమర్పించుకోవడం) సంగతి ఎత్తుకున్నాడనీ, కనుక పరిశుద్ధంగా బ్రతకడం రక్షణకు కట్టే వెల కాదనీ, ముందే అందిన దయకు మనమిచ్చే జవాబనీ ఓపికగా విప్పి చెప్పారు. సండేస్కూలు నాడే కంఠస్థం చేసిన వచనంలో ఆ మాటను నేనెన్నడూ పట్టించుకోలేదు.

రెండవ రోజు వచ్చిన మరో బోధకునితో ఆ ‘కాబట్టి’ కనుమరుగైంది. నగలు, సినిమాలు, దుస్తులు అంటూ మానుకోవలసిన వాటి పట్టీ చదివారు. నగల మాట వచ్చినంతసేపూ చూపులన్నీ స్త్రీల వైపే ఉండగా మా పురుషుల వరుసలు నిశ్చింతగా కూర్చున్నాయి. ప్రశ్నలకు సమయం ఇవ్వలేదు.

కూడిక మొత్తానికి విలువ తెచ్చింది మూడవ రోజు ఉదయం. బైబిలు పాత నిబంధనలోని లేవీయకాండము 19వ అధ్యాయంలో పరిశుద్ధులై ఉండమన్న దేవుడు ఆ వెంటనే తల్లిదండ్రుల గురించీ, పొలం అంచున పేదలకు విడిచిపెట్టవలసిన పంట గురించీ, తెల్లవారేదాకా అట్టిపెట్టుకోకూడని కూలి గురించీ మాట్లాడుతూ, చివరకు త్రాసు, గుండ్లు, తూము, పడి వంటి తూనికలూ కొలతల దాకా వస్తాడని మొదటి రోజు బోధకుడే చూపించారు. తూకం సరిగా ఉండాలన్న వచనం చివర, ఐగుప్తు (ఇశ్రాయేలీయులు బానిసలుగా ఉన్న ఈజిప్టు) నుంచి మిమ్మల్ని రప్పించినవాడను నేనే అని దేవుడు గుర్తుచేయడాన్ని ‘కాబట్టి’తో కలిపినప్పుడు, బియ్యం వ్యాపారినైన నేను తల వంచుకున్నాను.

మా కొట్టులో హమాలీల కూలి శనివారం దాకా ఆపడం మా నాన్నగారి నాటి నుంచీ వాడుక. తిరిగి వచ్చిన సోమవారం నుంచి ఏ రోజుది ఆ సాయంత్రమే ఇస్తున్నాను. వచ్చే ఏడాదీ వెళతాను; రెండవ రోజు కార్యక్రమాన్ని నిర్వాహకులు మార్చగలిగితే మా ఇంటివారిని కూడా తీసుకువెళతాను.