పక్షవాతం తర్వాత ఫిజియోథెరపీ: కొవిడ్ కాలంలో వీడియో కాలా, ఇంటికొచ్చే థెరపిస్టా, ఆసుపత్రా?

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. టెలిమెడిసిన్ మార్గదర్శకాలను కేంద్రం విడుదల చేసిందీ ఆ రోజే. డాక్టరు వీడియోలో చూసి మందు రాయడానికి దారి దొరికింది గానీ, ఫిజియోథెరపీ చీటీతో అయ్యే పని కాదు. పక్షవాతం నుంచి కోలుకోవడం ఎక్కువగా జరిగేది మొదటి మూడు నెలల్లోనే. అందుకే ‘కరోనా తగ్గాక చూద్దాంలే’ అనేది అసలు లెక్కలోకే రాదు.

సొంతంగా కూర్చోగలిగి, చెప్పింది అర్థమవుతూ, పక్కన ఒక మనిషి ఉంటే వీడియో చాలు. అయితే ఫోను చేత్తో పట్టుకుని ముఖం చూపిస్తే ప్రయోజనం లేదు. ఆరేడు అడుగుల దూరంలో, నడుం ఎత్తున స్టూలు మీద నిలబెట్టి, తల నుంచి పాదం దాకా కనపడేలా పెట్టాలి. వెనక కిటికీ ఉంటే మనిషి బదులు నల్లటి నీడే కనిపిస్తుంది. నడకను పక్క నుంచి కూడా చూపించాలి. అడుగు వేసేటప్పుడు మోకాలు వెనక్కి విరుచుకుపోవడం అలా చూస్తేనే బయటపడుతుంది. లుంగీ మోకాలి పైకి కట్టుకోవాలి. ఇక మాట పడిపోయినవాళ్ల స్పీచ్ థెరపీకైతే కొవిడ్ రోజుల్లో ఆసుపత్రి కన్నా వీడియోనే నయమనిపించింది, అక్కడ మాస్కు వెనక థెరపిస్టు పెదాలే కనపడేవి కావు.

వీడియోకు అందనిది కండరం బిగుతు. చేత్తో వంచి చూస్తే తప్ప అది తెలియదు. మంచం దిగడం నేర్పడమూ అంతే. అందుకే ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే మొదటి రెండు మూడు సార్లు థెరపిస్టు ఇంటికే రావాలి, తర్వాత వీడియోకు మారొచ్చు. ఆయన రోజుకు నాలుగిళ్లు తిరిగే మనిషి కాబట్టి కిటికీలు తెరిచి, అందరూ మాస్కు పెట్టుకోవాలి. వ్యాయామం అంతా ఆయన చేతే చేయించుకోకండి, ఇంట్లోవాళ్లు నేర్చుకోవాలి. ముందుగా లేపడం. చచ్చుబడిన చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారి నెలల తరబడి నొప్పి పెడుతుంది. కుర్చీని బలమున్న వైపు మంచానికి ఏటవాలుగా వేయాలి. రోగి పాదాలు మోకాళ్ల కన్నా వెనక్కి జరిపి, ఒంటిని ముందుకు వంచి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని లేపాలి.

ఆసుపత్రికి వెళ్లక తప్పనివి కొన్నే. నీళ్లు తాగితే పొలమారుతున్నా, తిన్నాక గొంతు గరగరలాడుతున్నా మింగడం పరీక్ష చేయించాలి. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తే, అది కొవిడో కాదో తేల్చడమూ కష్టమే. ఈలోగా నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి, తిన్న అరగంట దాకా పడుకోబెట్టకూడదు. కండరాల బిగుతు తగ్గించే బోటాక్స్ సూది ప్రభావం సుమారు మూడు నెలలు. తర్వాతి సూది రెండు వారాలు ఆలస్యమైతే రోజూ కండరాలు సాగదీస్తూ, స్ప్లింట్ (కీలు వంగిపోకుండా ఆపే పట్టీ) కట్టి నెట్టుకురావచ్చు. బిగుతుకే వాడే బాక్లోఫెన్ మాత్రలు మాత్రం అయిపోయాయని ఒక్కసారిగా ఆపితే భ్రమలు, మూర్ఛ రావచ్చు. వారానికి సరిపడా మిగిలి ఉండగానే వీడియోలో డాక్టరును అడిగి చీటీ రాయించుకోండి.

మళ్లీ మూతి వంకర పోయినా, మాట తడబడినా ఇంట్లో చూస్తూ కూర్చోకుండా 108కి ఫోను చేయాలి. మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డను కరిగించే సూది పనిచేసేది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే. కొవిడ్ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగొద్దు.